తీసేసిన అనుమతి, తెరుచుకున్న ఫైలు

సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉండి, పోయిన ఎండాకాలంలో దిగిపోయాను. అందులో చివరి పదిహేనేళ్ళు నాచారం పారిశ్రామికవాడలో, ఒక బిస్కెట్ల గోడౌను పక్కనున్న రెండంతస్తుల భవనంలో గడిచాయి. ఉప్పల్ నుంచి రోజూ వెళ్ళివచ్చేదాన్ని. ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి ఇక్కడ రాయడం లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు వాటితో పనిలేదు. వాళ్ళకు పనికొచ్చేది నా దగ్గర ఒకటుంది. నేను చేసిన తప్పు, అది ఒక మనిషి ప్రాణం మీదికి రాకుండా ఎలా ఆగిందన్నది. ఇప్పటికీ తలుచుకుంటే ముందు గుండె ఝల్లుమంటుంది, ఆ వెంటనే హమ్మయ్య అనిపిస్తుంది.

బస్సు పాసు

మా కంపెనీ రక్తపరీక్షల కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేసేది. మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళలో అందరికంటే పెద్దది నగరం తూర్పు వైపున పన్నెండు శాఖలున్న ఒక సంస్థ. పేరు అక్కర్లేదు. ఉప్పల్లో ఒక శాఖ, ఘట్‌కేసర్‌లో ఒక శాఖ ఉండేవని తెలిస్తే చాలు. అందులో నా వంతు లాగిన్, అనుమతులు. అంటే ఎవరు లోపలికి రావచ్చు, వచ్చినవాళ్ళు ఏ కాగితం చూడొచ్చు, ఏది చూడకూడదు అన్నది తేల్చే భాగం.

లోపలికి వచ్చిన ప్రతివాళ్ళనూ అడుగడుగునా పాస్‌వర్డ్ అడగలేం. అందుకని ఒకసారి లాగిన్ కాగానే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. అది సిటీ బస్సు పాసు లాంటిది. పాసు మీద పేరుంటుంది, ఏ బస్సులు ఎక్కొచ్చో ఉంటుంది, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది, ముద్ర ఉంటుంది. కండక్టరు ముద్ర, తేదీ చూసి వదిలేస్తాడు. డిపోకు ఫోన్ చేసి వాకబు చేయడు. మా సర్వరూ అంతే. టోకెన్ మీద ముద్ర సరిగ్గా ఉంటే చాలు, ఎవరికి అనుమతుందో రాసి ఉన్న రిజిస్టరు తిరగేయదు. అందుకే పని చకచకా సాగుతుంది.

మొదట్లో మా టోకెన్ ఎనిమిది గంటలు చెల్లేది. శాఖల నుంచి రోజూ సణుగుడే. పొద్దున ఆరింటికి జనం వరుసలో ఉంటారు, ఆ హడావిడిలో పాస్‌వర్డ్ కొట్టమంటే ఎలా అని. విని విని విసుగొచ్చి నేనే దాన్ని ముప్పై రోజులు చేశాను.

నాతో పనిచేసే షాహీన్ అప్పుడే ఆపబోయింది. నాకంటే పదేళ్ళు చిన్న, పనిలో నాకంటే నిదానం. "ముప్పై రోజులు జర ఎక్కువైతది మేడం. మనిషిని తీసేసినా పాసు బతికే ఉంటది గదా" అంది. అట్లాంటి సందర్భం వస్తే చూద్దాంలే అన్నాను. వాదనలో గెలవడం నాకు అలవాటు. సీనియర్లకు ఇదొక జబ్బు. ఎదుటివాళ్ళు ఊరుకుంటే వాళ్ళు ఒప్పుకున్నారనుకుంటాం.

రెండో తప్పు కూడా చెప్పేస్తాను. ఏ శాఖ టెక్నీషియనైనా ఏ శాఖ రోగి ఫైలునైనా పూర్తిగా తెరవగలిగేలా అనుమతులు పెట్టాను. ఒకచోట రక్తం ఇచ్చి ఇంకోచోట రిపోర్టు తీసుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి అది సౌకర్యం అనుకున్నాను. ఎవరికి, ఎంతవరకు అని ఆలోచించలేదు.

సోమవారం

ఒక సోమవారం పొద్దున మా వాచ్‌మన్ పైకి వచ్చి, ఎవరో ఒకామె కింద గంట నుంచి నిలబడి ఉందనీ, కంప్యూటర్ల పెద్ద ఎవరో వాళ్ళతోనే మాట్లాడతానంటోందనీ చెప్పాడు. దిగి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు లలిత అనుకుందాం. అసలు పేరు గానీ, అప్పుడు ఆమె ఎక్కడ ఉంటుండేదో గానీ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మంచినీళ్ళు తాగి, ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో ఒక మెసేజ్. థైరాయిడ్ మళ్ళీ పెరిగింది గదా, గోలి డోసు పెంచుకున్నవా అని. చూస్తే ఎవరో ప్రేమగా అడిగినట్టుంది.

అది ఆమె భర్త పంపింది. అతని దెబ్బలు తట్టుకోలేక ఆమె అన్నోజిగూడలోని ఇల్లు వదిలి ఐదు నెలలైంది. ఎక్కడ ఉంటుందో పుట్టింటివాళ్ళకు కూడా సరిగ్గా చెప్పలేదు. ఉప్పల్ శాఖలో రక్తం ఇచ్చిన మర్నాడు, రిపోర్టు ఆమె చేతికి రాకముందే ఈ మెసేజ్ వచ్చింది. భర్త అదే సంస్థ ఘట్‌కేసర్ శాఖలో టెక్నీషియన్. ఉప్పల్ కౌంటర్లో స్వరూప అనే ఆవిడ రిపోర్టు అడుగున ఉన్న మా కంపెనీ పేరు చూపించి, అక్కడికి వెళ్ళి అడుగు అని పంపింది.

"నా రిపోర్టు నాకంటె ముందుగాల గాయనకు ఎట్ల తెలుస్తున్నది మేడం?"

ఆమె అడిగింది అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది.

ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో మా సర్వర్ రాసిపెట్టుకుంటుంది. తీసి చూశాను. ఐదు నెలల్లో అతను ఆమె ఫైలు పద్నాలుగు సార్లు తెరిచాడు. ఘట్‌కేసర్లో ఆమె ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు. సంస్థ మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. అతన్ని ఆ పూటే పని నుంచి పక్కన పెడుతున్నామనీ, అనుమతి తీసేయమనీ అన్నాడు. లలిత కళ్ళ ముందే తీసేశాను. తర్వాత, అలాగే అనుమతి తీసేసిన ఒక ఉత్తుత్తి పేరుతో కొత్తగా లాగిన్ అయి ఆమె ఫైలు తెరవబోయాను. తెరుచుకోలేదు. అది ఆమెకు చూపించాను.

"ఇంక గాయనకు రాదా?"

"రాదమ్మా."

"పక్కానా మేడం?"

"పక్కా" అన్నాను.

ఆమె లేచి చున్నీ సర్దుకుని, డాక్టరు మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నాడనీ, భయపడి వెళ్ళలేదనీ, రేపే వెళ్తాననీ చెప్పింది. సంతోషంగా సాగనంపాను.

బుధవారం పొద్దున

నేను జాగ్రత్తపరురాలిని కాబట్టి కనిపెట్టానని చెప్పుకోగలిగితే బాగుండేది. అలా జరగలేదు. మేనేజరు ఆ పద్నాలుగు సార్ల వివరం కాగితం మీద కావాలన్నాడు. బుధవారం పది గంటల ప్రాంతంలో ప్రింటు తీయబోతే పదహారు వరుసలు వచ్చాయి. మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఒకటి. ఆ పొద్దున తొమ్మిదింటికి ఒకటి. రెండూ అతని పేరు మీదే.

షాహీన్‌ను పిలిచాను. తెర మీదకు వంగి చూసింది. నేను ఆమె మాట కొట్టిపారేసిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆమె మాత్రం దాని ఊసెత్తలేదు. "టోకెన్ మేడం. ఫోన్ల ఉన్నది. ఇంక ఇరవై రెండు రోజులు చెల్తది" అంది, అంతే.

నేను రిజిస్టరులో పేరు కొట్టేశాను. పాసు అతని జేబులోనే ఉంది. నేను పరీక్షించింది కొత్తగా లాగిన్ అయ్యేవాడిని ఆపుతుందా అని. అంతకుముందే లోపల ఉన్నవాడిని ఆపుతుందా అని చూడలేదు. ఆ రెండూ వేరు వేరు ప్రశ్నలని అప్పటికి ఇరవై ఏళ్ళు దాటిన నా అనుభవానికి తట్టలేదు.

ఇప్పుడు ఆమె ఫైల్లో అతనికి ఏం కనబడి ఉంటుందో చూద్దామని తెరిచాను. అంతకుముందు చిరునామా దగ్గర అన్నోజిగూడ ఇల్లే ఉండేది. మంగళవారం మధ్యాహ్నం పరీక్షకు వచ్చినప్పుడు అది మారింది. అంబర్‌పేట్లో ఒక ఇంటి నంబరు, గల్లీ పేరు, పక్కన ఏ కిరాణా దుకాణముందో కూడా రాసి ఉంది. నాలుగింటికి అతను తెరిచాడు.

నా మాట నమ్మి ఆమె అక్కడికి వెళ్ళింది. నేను పక్కా అనకపోతే ఆ చిరునామా అక్కడ ఉండేది కాదు.

ఒక్కరి టోకెన్‌ను మాత్రమే చంపే దారి మా సర్వర్‌లో లేదు. ఆ దారి నేను కట్టలేదు. ఉన్నది ఒక్కటే. ముద్ర మార్చేయడం. పాత ముద్రతో ఉన్న టోకెన్లన్నీ ఆ క్షణం నుంచి చెల్లవు. పన్నెండు శాఖల్లో ప్రతి మనిషీ బయటపడతాడు. మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాలి. నెల రోజులుగా కొట్టని పాస్‌వర్డ్ సగం మందికి గుర్తుండదు.

మా యజమాని ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయనది విజయవాడ వైపు. వ్యాపారం తెలిసిన మనిషి. ఖాతాదారు ఏదడిగినా సరేనని వచ్చి మా నెత్తిన పెట్టేవారు. దాని మీద ఆయనతో ఎన్నిసార్లు గొడవ పడ్డానో లెక్కలేదు. ఆ పొద్దున కూడా మొదట ఆయన ఎప్పటిలాగే మాట్లాడారు. ఇది పరగడుపున వచ్చినవాళ్ళు వరుసల్లో ఉండే సమయమనీ, అందులో షుగరు ఉన్న ముసలివాళ్ళు ఉంటారనీ, మధ్యాహ్నం రెండు దాకా ఆగితే రద్దీ తగ్గుతుందనీ అన్నారు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు.

నేను వాదించలేదు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, భర్త పంపిన మెసేజ్ సంగతి చెప్పి, చిరునామా చూపించాను. ఆ కిరాణా దుకాణం పేరు దాకా చదివారు.

"ఇప్పుడే మార్చేయండి పద్మగారూ. ఫోన్లన్నీ నాకు కలపమనండి, నేను చూసుకుంటాను."

నాలుగు నిమిషాల్లో మార్చేశాం. ఐదో నిమిషం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆయన ఒక్కొక్కటే ఎత్తి, తప్పు మాదేనండీ, పేర్లు కాగితం మీద రాసుకుని రక్తం తీసేయండి, ఎవర్నీ తిప్పి పంపకండి అని చెప్పుకుంటూ పోయారు. రెండు గంటలు అలా కూర్చున్నారు. ఎవరి మీదా విసుక్కోలేదు, నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఆయన గురించి నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, ఆ రెండు గంటలు మాత్రం నా మనసులో విడిగా ఉండిపోయాయి.

ఉప్పల్ కౌంటర్

లలితకు ఎలా చెప్పాలి? ఫైల్లో ఉన్న ఫోన్ నంబరు కూడా మంగళవారం మారింది. చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఉప్పల్ శాఖ ఫోన్లన్నీ మా పుణ్యమా అని బిజీ. ఆటో ఎక్కాను. హబ్సిగూడ చౌరస్తా దగ్గర బండ్లు ఆగిపోయినప్పుడు దిగి నడుద్దామా అనిపించింది. ఆ మనిషి ఈపాటికి అంబర్‌పేట్ గల్లీలో ఆ దుకాణం దగ్గర నిలబడి ఇల్లు ఎక్కడని అడుగుతున్నాడేమో అన్న ఆలోచన తప్ప ఇంకేదీ లేదు.

దారిలో షాహీన్ ఫోన్ చేసింది.

"ఇప్పుడే కొట్టిండు మేడం. రెండు సార్లు కొట్టిండు. సర్వర్ రానియ్యలే."

తలుపు మూసుకుందన్నమాట. కానీ అతను చూడాల్సింది నిన్ననే చూశాడు కదా.

ఉప్పల్ శాఖలో జనం గుమిగూడి ఉన్నారు. స్వరూప కౌంటర్ మీద లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని చేత్తో పేర్లు రాస్తోంది. నలభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళజోడు. నేనెవరో చెప్పి, లలిత ఇంటి చిరునామా గురించి అత్యవసరంగా మాట్లాడాలన్నాను. ఫైల్లో ఉన్న అంబర్‌పేట్ ఇంటికి ఇప్పుడే ఎవరినైనా పంపాలి, ఆమెను అక్కడి నుంచి తప్పించాలి అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది.

"గా ఇంటికి ఎవ్వలు పోతరు మేడం? గది మా పాత ఇల్లు. ఫ్లైఓవర్ కింద పోయింది. కూలగొట్టి నాలుగేండ్లాయె."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. లలిత అసలు చిరునామా ఇవ్వడానికే సిద్ధపడిందట. సోమవారం నాచారం మేడం పక్కా అన్నది, ఇంక ఫికర్ లేదు అందట. స్వరూపకే మనసొప్పలేదు. ఆ మనిషి తమ సంస్థలోనే ఇంకా ఎవరితోనైనా దోస్తీ పెట్టుకుని ఉంటే ఎట్లా అనుకుంది. గడి ఖాళీగా వదిలేద్దామంటే కుదరలేదు.

"చుక్క గుర్తున్న గడి నింపకుంటె మీ కంప్యూటరు ముందుకు పోనిస్తలేదు. ఏదో ఒకటి రాయాలె గదా అని మాది రాసిన. ఫోన్ నంబరు గూడ నాదే రాసిన. గందుకే మీరు జేస్తె ఎత్తలే, పర్సుల ఉన్నది."

చిరునామా గడికి ఆ చుక్క పెట్టింది నేనే. నింపకపోతే ముందుకు పోనివ్వకూడదని రాసింది నేనే. థైరాయిడ్ పరీక్షకు ఇంటి నంబరు ఎందుకని ఒక్కరోజూ అనుకోలేదు. నేను పెట్టిన నిబంధనను ఈవిడ తప్పుడు వివరంతో దాటేసింది కాబట్టి ఆ అమ్మాయి బతికిపోయింది.

కౌంటర్ పక్కనున్న ఇనుప కుర్చీలో కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన నాకు కళ్ళు తిరిగాయనుకుని తన దగ్గరున్న బిస్కెట్ పొట్లం ఇవ్వబోయాడు. ఆయన బిస్కెట్ ఆయనకే ఉంచి, స్వరూప పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా పేర్లు రాసిపెట్టాను. ఆమెకు థాంక్స్ చెబితే, ముందు రాయండ్రి మేడం, లైన్ ఆగింది అంది.

చెప్పడం

ఆఫీసుకు తిరిగి వచ్చాక ప్రసాద్ గారు ఊపిరి పీల్చుకున్నారు. ఏమీ జరగలేదు కాబట్టి ఆమెకు చెప్పి భయపెట్టడమెందుకు అన్నారు. ఆ మాట తీసిపారేయలేను. నాకూ చెప్పకుండా ఉండాలనే ఉంది. కానీ ఆమె నన్ను పక్కానా అని అడిగింది, నేను అవునన్నాను. ఆ అవును రెండు రోజులు అబద్ధమైంది. ఆ సంగతి నాకు తెలిసి ఆమెకు తెలియకుండా ఉండటం నాకు తట్టుకోదగ్గదిగా అనిపించలేదు.

గురువారం రిపోర్టు కోసం ఆమె ఉప్పల్ వస్తే, లోపల రక్తం తీసే గదిలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. టోకెన్ అంటే ఏమిటో బస్సు పాసుతో చెప్పాను. ముప్పై రోజులు పెట్టింది నేనేనని చెప్పాను. స్వరూప రాసిన చిరునామా సంగతి ఆమెకు ముందే తెలుసు. అది లేకపోతే ఏమయ్యేదో ఇద్దరం పైకి అనలేదు.

అంతా విన్నాక అడిగింది.

"ఇప్పుడు గూడ పక్కా అంటరా?"

"అననమ్మా. మీ ఫైలు ఎవరు తెరిచినా మీకు తెలిసేటట్టు చేస్త. గంతవరకు చెప్పగలుగుత."

తల ఊపింది. "గదే మంచిగున్నది" అంది.

ఆ పదహారు వరుసల కాగితం పట్టుకుని, స్వరూపను తోడు తీసుకుని ఆమె పోలీసు స్టేషనుకు వెళ్ళింది. సంస్థ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. స్టేషన్లో అతని చేత రాతపూర్వకంగా హామీ రాయించుకున్నారు. ఆ తర్వాత మెసేజ్‌లు రాలేదు.

మార్చినవి

తర్వాతి నెలంతా నేనూ షాహీనూ అదే పని మీద ఉన్నాం. ప్లాను గీసింది ఆమె, నేను ఆమె చెప్పినట్టు రాశాను. పాసు ఇప్పుడు పావుగంటే చెల్లుతుంది. అయిపోగానే ఎవరినీ పాస్‌వర్డ్ అడగకుండా దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. అయితే ఇచ్చే ముందు ప్రతిసారీ రిజిస్టరు చూస్తుంది. పేరు కొట్టేసి ఉంటే ఇవ్వదు. ఆ పావుగంట కూడా ఎక్కువనిపించిన చోట, కొట్టేసిన టోకెన్ల జాబితా ఒకటి పెట్టి అప్పటికప్పుడు ఆపేలా చేశాం. టెక్నీషియన్‌కు తన శాఖకు వచ్చిన రక్త నమూనాలు, వాటి పరీక్షలు మాత్రమే కనిపిస్తాయి. చిరునామా కనబడదు. వేరే శాఖ ఫైలు కావాలంటే ఎందుకో రాయాలి. చిరునామా గడికి చుక్క తీసేశాను. శాఖల వాళ్ళు కాస్త సణిగారు, రెండు వారాల్లో అలవాటుపడ్డారు. నేను అన్నేళ్ళు భయపడింది ఆ సణుగుడుకే.

మీరు చేరిన చోట ఇంతకంటే మంచి పనిముట్లు ఉంటాయి. అయినా ఒకటి చేయండి. ఎవరి అనుమతైనా తీసేశాక, ఆ మనిషి పాత టోకెన్‌తోనే లోపలికి వెళ్ళి చూడండి. చూడకుండా ఎవరికీ మాటివ్వకండి.

లలితకు ఇచ్చిన మాట ప్రకారం, ఆమె ఫైలు ఎవరెవరు తెరిచారో నెలకొక కాగితం తీసిపెట్టేదాన్ని. నాచారం వచ్చి తీసుకునేది. అక్కడే నిలబడి ప్రతి పేరూ చదివేది. ఇదెవరు, ఇదెందుకు అని అడిగేది. స్వరూప, రక్తం తీసినామె, డాక్టరు, అంతే ఉండేవి. అలా ఎనిమిది నెలలు వచ్చింది. తొమ్మిదో నెల రాలేదు. పదో నెలా రాలేదు. ఫోన్ చేద్దామంటే నంబరు నా దగ్గర లేదు, అడిగి తీసుకోలేదు. స్వరూపను అడిగితే తనకూ కనబడలేదంది. ఏమైందోనన్న గుబులుతో ఆ రెండు నెలల కాగితాలూ నా టేబుల్ సొరుగులో దాచాను.

ఒక సాయంత్రం ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర ఎవరో మేడం అని పిలిచారు. ఆమే. మెడలో ఏదో కంపెనీ కార్డు, చేతిలో టిఫిన్ బాక్సు, కాస్త ఒళ్ళు చేసింది. కొత్త ఉద్యోగంలో చేరిందట, షిఫ్టు మారిందట. థైరాయిడ్ అదుపులో ఉందట. బస్సుల గురించి, ఎండల గురించి మాట్లాడింది. నేనే ఉండబట్టలేక, రెండు నెలలుగా కాగితం తీసుకోవడానికి రాలేదేమని అడిగాను.

ఏ కాగితమో ఆమెకు వెంటనే తట్టలేదు. తట్టాక నాలుక కరుచుకుంది.

"అయ్యో, దాని సంగతే మర్శిపోయిన మేడం."

సొరుగులో ఉన్నాయి, పంపమంటారా అన్నాను. రైలు వచ్చే చప్పుడుకు అప్పటికే రెండు మెట్లు ఎక్కేసింది. "చింపేయండ్రి" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే చింపేశాను.